పేరును సగంలో కోయొద్దని పిల్లలకు నేర్పండి: సీ, డీబీఎంఎస్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల్లో సీ ప్రోగ్రామింగ్ భాష, డీబీఎంఎస్ (డేటాబేసుల నిర్వహణ) చెప్తున్న అధ్యాపకులకు,

నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఉంటాను. రైసు మిల్లుల్లో కాటా దగ్గర నడిచే ప్రోగ్రాములు రాయడం నా పని. ట్రాక్టరు కాటా ఎక్కగానే బరువు తీసుకోవాలి, రైతు పేరు, ఊరు డేటాబేసు నుంచి తేవాలి, తూకం చీటీ అచ్చు వేయాలి, సాయంత్రానికి చెల్లింపుల లెక్క తేల్చాలి. ఇరవై ఏండ్లుగా ఇదే పని, అంతా సీలోనే. మిర్యాలగూడలో మొదలై తర్వాత వనపర్తి, గద్వాల దాకా వెళ్లింది. ఈ జిల్లా కాలేజీలోనే, మీలాంటి సార్ల దగ్గరే సీ నేర్చుకున్నాను. ఆ చదువే ఇన్నేండ్లు అన్నం పెట్టింది. మీ మీద ఉన్న గౌరవంతోనే ఒక సంగతి మీ ముందు పెడుతున్నాను.

మూడేండ్ల కింద, యాసంగి వడ్లు దిగుతున్న రోజులు. అంతకు ముందు ఏడాది దాకా చీటీలన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి. రైతులు చదువుకోవడానికి తెలుగులో ఇద్దామని ఒక మిల్లు యజమాని అడిగితే నాకూ సంతోషమనిపించింది. పేర్లన్నీ తెలుగులో ఎక్కించాం. సీజను మొదలైన నాలుగో రోజు ఒక పెద్దామె కౌంటరు దగ్గరికి వచ్చి, తన వడ్ల పైసలు పడలేదని అడిగింది. ఆమెకు, ఆమె భర్తకు పాసు పుస్తకాలు వేరు, పొలాలు వేరు. ఇద్దరి వడ్లూ ఒకే రోజు కాటా ఎక్కాయి. చీటీలు చూస్తే రెండింటి మీదా ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒకే పేరు: వెంకటేశ్వర. లెక్కలు చూసే అబ్బాయి, చీటీ రెండుసార్లు అచ్చయిందేమోనని ఒకటి పక్కన పెట్టేశాడు.

ఆయన పేరు వెంకటేశ్వర్లు. ఆమె పేరు వెంకటేశ్వరమ్మ. డేటాబేసులో రెండు పేర్లూ నిండుగా, తప్పు లేకుండా ఉన్నాయి. కోసింది నా ప్రోగ్రామే. ఆమె ఆ ఎండలో రెండోసారి రావాల్సి వచ్చింది. ఆ తప్పు నాది. ఎందుకు జరిగిందో ఆ రాత్రి కూర్చుని వెతికాను.

టేబుల్లో పేరు కాలమ్ వార్‌క్యార్ 30, అంటే 30 వరకు ఎంత పొడవైనా పట్టే టెక్స్ట్ గడి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఆ 30 అంటే 30 క్యారెక్టర్లు. సీలో దానికి ఎదురుగా నేను పెట్టిన క్యార్ అర్రే (అక్షరాలు దాచే గడుల వరస) 31: ముప్పై పేరుకు, ఒకటి పేరు అయిపోయిందని చెప్పే చివరి సున్నాకు. మనందరం నేర్చుకున్న లెక్క అదే, ఇంగ్లీషు పేర్లున్నన్నాళ్లు తప్పు పోలేదు. కాని సీలో క్యార్ అంటే ఒక బైటు. అన్ని భాషల లిపిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. వెంకటేశ్వర్లు అనే పేరులో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క పెడితే 13 గుర్తులు, అంటే 39 బైట్లు. వెంకటేశ్వరమ్మలోనూ సరిగ్గా 13, 39 బైట్లే. ముప్పై బైట్ల దగ్గర కోస్తే రెండింటికీ మిగిలేది మొదటి పది గుర్తులు, వెంకటేశ్వర. కోత సరిగ్గా గుర్తుల మధ్య పడింది కాబట్టి ఎక్కడా పిచ్చి గీతలు రాలేదు, ప్రశ్నార్థకాలు రాలేదు. చూసిన వాళ్లెవరికీ అనుమానం రాలేదు. నిండైన ఇంకో పేరు తయారైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను ఆ పేరును ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో కాపీ చేశాను. 1999 నాటి ప్రమాణం నుంచి సీలో ఉన్న ఫంక్షన్ అది. ఇచ్చిన చోటు (బఫరు) దాటి రాయదు, చివరి సున్నా మరిచిపోదు. భద్రమైనదని పిల్లలకు మనమే చెప్తాం, నిజమే. కాని అది పని అయ్యాక ఒక అంకె తిరిగి ఇస్తుంది, మొత్తం పట్టాలంటే ఎన్ని బైట్లు కావాలో చెప్పే అంకె. ఆ రోజు ప్రతిసారీ అది 39 అని చెప్తూనే ఉంది. నా ప్రోగ్రాం ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

అంతకు ముందు ఇంకో దెబ్బ తిన్నాను. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి. నా పాత ప్రోగ్రాముల్లో జిల్లా పేరుకు 16 బైట్ల అర్రే ఉండేది. పాత పది జిల్లాలను మేం ఇంగ్లీషులో రాసుకునే స్పెల్లింగులో పెద్ద పేర్లలో ఒకటి మహబూబ్‌నగర్, దానికి 11 అక్షరాలు. 16 అంటే దండిగా ఉన్నట్టే. కొత్తగా వచ్చిన జోగులాంబ గద్వాలను ఇంగ్లీషులో రాస్తే, మధ్య ఖాళీతో కలిపి సరిగ్గా 16. స్ట్రింగ్ ఎన్ కాపీ అనే ఫంక్షన్‌కు 16 అని చెప్పి కాపీ చేస్తే పదహారు అక్షరాలూ వచ్చి కూర్చున్నాయి, చివరి సున్నాకు చోటు లేదు. అది సున్నా పెట్టలేదు, పెట్టనని ముందే చెప్పింది కూడా. స్ట్రక్చరులో (వేర్వేరు గడులను కలిపిన కట్టలో) జిల్లా పక్కనే మండలం ఉంది. అచ్చులో జిల్లా గడిలో జోగులాంబ గద్వాల, దానికి అంటుకుని అలంపూర్, రెండూ ఒకే మాటగా వచ్చాయి. ఆ ఫంక్షన్ పుట్టింది అసలు మామూలు స్ట్రింగుల కోసం కాదు. తొలినాటి యూనిక్స్‌లో ఫైలు పేరుకు డైరెక్టరీలో 14 బైట్ల గడి ఉండేది. చిన్న పేరైతే మిగతా చోటు సున్నాలతో నింపాలి, పేరు నిండా ఉంటే సున్నా అక్కర్లేదు. ఆ గడి నింపడానికి పుట్టినదాన్ని, భద్రమైన కాపీ అని మనం దశాబ్దాలుగా పిల్లల చేతికి ఇస్తున్నాం. యాదాద్రి భువనగిరి ఇంగ్లీషులో 19 అక్షరాలు, 20 బైట్ల అర్రేలో అంచున నిలబడి బతికిపోతుంది. అదే పేరు తెలుగులో 49 బైట్లు.

ఇక నా దగ్గరికి పనికి వచ్చే పిల్లల సంగతి. ఏటా ఇద్దరు ముగ్గురు వస్తారు. మంచి మార్కులతో వస్తారు, తెలివిగల పిల్లలు. సీ సబ్జెక్టులో స్ట్రింగు అంటే ఏమిటని అడిగితే చివర సున్నా ఉన్న క్యారెక్టర్ల వరస అని తడుముకోకుండా చెప్తారు. డీబీఎంఎస్‌లో క్యార్‌కు, వార్‌క్యార్‌కు తేడా అడిగితే అదీ చెప్తారు. అప్పుడు మూడో ప్రశ్న వేస్తాను: ‘ఆ వార్‌క్యార్ ఈ స్ట్రింగులోకి ఎట్ల వస్తది బిడ్డా?’ అక్కడ ఆగిపోతారు. ఒకమ్మాయి నిజాయితీగా చెప్పింది: ‘సార్, అది సీ ల్యాబుల చెప్పలేదు, డీబీఎంఎస్ ల్యాబుల చెప్పలేదు.’ రెండు సబ్జెక్టులు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు నడుస్తున్నాయి. ఒక ల్యాబులో స్కాన్‌ఎఫ్‌తో పేరు తీసుకుని అచ్చు వేస్తారు, ఇంకో ల్యాబులో తెర మీద సెలెక్ట్ రాసి పట్టిక చూస్తారు. ఉద్యోగంలో చేయాల్సిన పని ఆ రెంటి మధ్యలో ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

డేటాబేసుకు టెక్స్ట్ అంటే రెండు ముక్కలు: బైట్లు, వాటి పొడవు. విలువ అసలు ఉందా లేదా అన్నది పక్కనే ఇంకో ముక్క. సీ స్ట్రింగుకు పొడవు వేరే రాసి ఉండదు, సున్నా ఎక్కడ తగిలితే అక్కడ అయిపోయినట్టు. లేకపోవడాన్ని చెప్పే చోటు దానిలో లేనే లేదు. ఈ రెండు పద్ధతులూ ఎదురుపడే చోట ప్రోగ్రాం రాసే మనిషే మధ్యవర్తి. ఈ ఒక్క సంగతి బోర్డు మీద గీసి చూపిస్తే సగం తప్పులు పుట్టవు.

నల్ అనే మాట దగ్గర పిల్లలు ఇంకా తడబడతారు. తప్పు వాళ్లది కాదు, ఒకే మాటతో మూడు సంగతులు పిలుస్తున్నాం. స్ట్రింగు చివర ఉండే సున్నా బైటు ఒక నల్. ఎక్కడికీ చూపని పాయింటరు (మెమరీలో ఒక చోటును చూపేది) ఇంకో నల్. టేబుల్లో విలువ తెలియదని చెప్పే ఖాళీ గడి మూడో నల్. మైఎస్‌క్యూఎల్‌లో వరుసలు తెచ్చే మామూలు ఫంక్షన్ మూడో నల్‌ను రెండో నల్‌గా మార్చి ఇస్తుంది. అంటే పాయింటరే ఉండదు. చూసుకోకుండా, పొడవు లెక్కపెట్టే స్ట్రింగ్ లెన్ పిలిస్తే ప్రోగ్రాం కూలిపోతుంది. లినక్సులో ప్రింట్‌ఎఫ్‌కు ఇస్తే చాలాసార్లు కూలదు, తండ్రి పేరు ఉండాల్సిన చోట నల్ అని ఇంగ్లీషులో అచ్చేస్తుంది. కూలిపోవడమే నయం, కనీసం తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేసు సీ లైబ్రరీ అట్లా చేయదు. నల్ గడికి ఖాళీ స్ట్రింగు ఇస్తుంది, నిజంగా నల్ అవునా కాదా అన్నది వేరే ఫంక్షన్‌తో అడగాలి. ఒరాకిల్ అనే డేటాబేసులో ఖాళీ స్ట్రింగు దాచమంటే దాన్నే నల్ చేసుకుంటుంది. సీ ప్రోగ్రాంలోనే ఒరాకిల్ క్వెరీలు రాయనిచ్చే ప్రో-సీలో, విలువ పక్కన దాని స్థితి చెప్పే ఇండికేటర్ వేరియబుల్ పెట్టకుండా నల్ గడిని తెస్తే 1405 నంబరు ఎర్రరు వస్తుంది. ఆ ఇండికేటరు మంచి సాక్షి. మైనస్ ఒకటి అంటే నల్, సున్నా అంటే మొత్తం వచ్చింది, సున్నా కంటే ఎక్కువ అంటే విలువ కోతపడింది, అసలు పొడవు ఇంత అని చెప్తుంది. నా చిన్నప్పటి ప్రో-సీ ప్రోగ్రాముల్లో ఇండికేటర్లు పెట్టి, వాటిని ఒక్కసారీ చదవని చోట్లు నేనే తర్వాత దొరకబట్టి సరిచేశాను.

ప్రో-సీ మాట వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ మీ పాఠానికి ఇస్తాను, పిల్లలు మరిచిపోరు. అక్కడ వార్‌క్యార్ అని ప్రకటిస్తే అది ఒక స్ట్రక్చరుగా మారుతుంది, లోపల పొడవు, బైట్ల అర్రే ఉంటాయి. చివరి సున్నా అది పెట్టదు, పొడవు చూసి మనం పెట్టుకోవాలి. సున్నాలతో నింపిన అర్రేలోకి మొదటి వరుసలో మిర్యాలగూడ వచ్చిందనుకోండి, 10 గుర్తులు, 30 బైట్లు. రెండో వరుసలో దేవరకొండ వస్తుంది, 8 గుర్తులు, 24 బైట్లు. పాత పేరులోని చివరి ఆరు బైట్లు చెరగకుండా అట్లనే ఉంటాయి. పొడవు చూడకుండా అచ్చు వేస్తే వచ్చే ఊరు ‘దేవరకొండూడ’. ఇంత స్పష్టంగా కనపడే తప్పు దొరకడం పాఠానికి అదృష్టమే. ఆ పిల్లలు జీవితంలో మళ్లీ పొడవును వదలరు.

మైఎస్‌క్యూఎల్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీ) వాడి బఫరు కట్టి తెస్తే, కోత పడ్డప్పుడు మామూలు సున్నా బదులు డేటా ట్రంకేటెడ్ అనే వేరే ఫలితం వస్తుంది. ఏ డేటాబేసుకైనా కలిపే ఓడీబీసీ పద్ధతిలో 01004 అనే స్థితి సంకేతం వస్తుంది. కాని అక్కడ తిరిగొచ్చేది విజయమే, కొంచెం సమాచారం ఉంది అని తోక తగిలించిన విజయం. విజయమా కాదా అని మాత్రమే చూసే వాళ్లకు ఆ తోక కనపడదు. చాప కింద నీరులా పేర్లు పోతుంటాయి. అన్ని లైబ్రరీలూ చెప్తూనే ఉన్నాయి. ఆ చెప్పేది వినడం పాఠంలో భాగం కావాలి.

పాయింటర్ల విషయం త్వరగా చెప్తాను, ఎందుకంటే పాయింటర్లు మీరు బాగా చెప్తారని పిల్లలను చూస్తే తెలుస్తుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో కాలమ్ టెక్స్ట్ అనే ఫంక్షన్ ఇచ్చే పాయింటరు మన సొత్తు కాదు. తర్వాతి వరుసకు అడుగు వేయగానే అది చెల్లదు. పిల్లలు ఆ పాయింటర్లనే ఒక అర్రేలో దాచుకుని, లూపు అయ్యాక అచ్చు వేస్తారు. పేరును కాపీ చేసుకోవాలి, చేసుకున్నదాన్ని ఫ్రీ చేయాలి, అంతే. అట్లాగే పేరును క్వెరీలో కొటేషన్ గుర్తుల మధ్య అతికించి పంపొద్దు, బైండ్ చేసి, అంటే క్వెరీతో కలపకుండా విడిగా, పంపాలి. దీని గురించి అందరూ చెప్తున్నదే.

డేటాబేసులోని క్యార్ కాలమ్ (పొడవు ఎప్పుడూ మారని టెక్స్ట్ గడి) సంగతి కొంత ఆగి చెప్పాలి. క్యార్ 20 అన్న గడిలో నల్లగొండను ఇంగ్లీషులో దాస్తే 8 అక్షరాలు పోను 12 ఖాళీలు చేరతాయి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఆ ఖాళీలతో సహా చేతికి ఇస్తాయి, మైఎస్‌క్యూఎల్ మామూలుగా తీసేసి ఇస్తుంది. డేటాబేసులో క్యార్ విలువలు పోల్చేటప్పుడు చివరి ఖాళీలు లెక్కలోకి రావు, అందుకని క్వెరీకి వరుస దొరుకుతుంది. సీలో స్ట్రింగ్ కంపేర్‌కు ఖాళీ కూడా ఒక బైటే, అందుకని ప్రోగ్రాం కాదంటుంది. ఒకే ఊరు అక్కడ దొరికి ఇక్కడ దొరకకపోతే పిల్లలు డేటాబేసును అనుమానిస్తారు.

సరే, చివరి ఖాళీలు కోద్దామని లూపు రాస్తారు. అక్కడ రెండు గుంటలున్నాయి. గడి నిండా ఖాళీలే ఉంటే లూపు వెనక్కి వెనక్కి పోయి అర్రే మొదలు దాటుతుంది. పొడవును సైజ్-టీలో (మైనస్ అంకెలు పట్టని రకంలో) పెట్టి అందులోంచి ఒకటి తీసేస్తే, సున్నా పొడవుకు అది మైనస్ ఒకటి కాదు, బ్రహ్మాండమైన పెద్ద అంకె అవుతుంది. రెండో గుంట మన తెలుగుకే ప్రత్యేకం. తెలుగు గుర్తు ఏదైనా యూటీఎఫ్-8లో మొదటి బైటు 224. మనం వాడే మామూలు కంప్యూటర్లలో క్యార్‌కు ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి అది మైనస్ 32గా కనపడుతుంది. దాన్ని అట్లనే, ఖాళీ అవునా కాదా చెప్పే ఈజ్‌స్పేస్‌కు పంపడం సీ ప్రమాణం ప్రకారం తప్పు, ఏం జరుగుతుందో హామీ లేదు. మైనస్ లేని అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి పంపాలి. ఇంగ్లీషు పేర్లతో ఎన్నేండ్లు పరీక్షించినా ఈ తప్పు బయట పడదు. తెలుగు పేరు పెట్టాకే పడొచ్చు.

ఇప్పుడు నన్ను అన్నింటికంటే ఎక్కువ తిప్పలు పెట్టినదాని దగ్గరికి వస్తాను: మహబూబ్‌నగర్.

ఈ పేరును సరిగ్గా టైపు చేయాలంటే ‘బ్’ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. అది లేకపోతే ‘న’ కిందికి దిగి ఒత్తుగా మారి మహబూబ్నగర్ అవుతుంది. యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తుల ఉమ్మడి పట్టికలో) ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికీ 3 బైట్లు. ఆ గుర్తుతో పేరు 33 బైట్లు, లేకుండా 30. ఒక ఆపరేటరు ఆ గుర్తు పెట్టి కొడతాడు, ఇంకొకరు పెట్టరు, మూడో మనిషి మధ్యలో ఖాళీ వదులుతాడు. చదివే మనిషికి మూడూ ఒకటే జిల్లా, స్ట్రింగ్ కంపేర్‌కు మూడు జిల్లాలు. నాగర్‌కర్నూల్‌కూ ఇదే కథ, 39 బైట్లు, లేదా 36. సీజను చివర జిల్లావారీ మొత్తాలు తీస్తే పాలమూరు వడ్లు మూడు కుప్పలుగా వచ్చాయి.

ఇంకోటి. ‘ఐ’ గుణింతాన్ని యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక, రెండు గుర్తులుగా. రెండూ సమానమేనని యూనికోడ్ చెప్తుంది. తెర మీద తేడా ఉండదు. కాని ‘రైతు’ అనే మాట మొదటి పద్ధతిలో 12 బైట్లు, రెండో పద్ధతిలో 15. మన జిల్లాల డేటాబేసుల్లో ఎక్కువసార్లు రాసే మాటల్లో ఇది ఒకటి. పోల్చే ముందు, దాచే ముందు అన్నిటినీ ఒకే రూపంలోకి తేవాలి. దాన్ని నార్మలైజేషన్ అంటారు. డీబీఎంఎస్‌లో మీరు చెప్పే నార్మలైజేషన్‌కూ దీనికీ సంబంధం లేదు, పేరు ఒకటే కావడంతో పిల్లలు అక్కడా తికమక పడతారు.

కోయక తప్పనప్పుడు ఎట్లా కోయాలని అడుగుతారు. యూటీఎఫ్-8లో మొదటి బైటు తర్వాత వచ్చే బైట్లన్నీ 128 నుంచి 191 మధ్యనే ఉంటాయి. కాబట్టి కోసిన చోట ఆ మధ్య బైటు తగిలితే వెనక్కి జరిగి గుర్తు మొదలు దగ్గర కోయొచ్చు. అప్పుడు సగం విరిగిన గుర్తు రాదు. కాని పేరు విరగదని దాని అర్థం కాదు. లక్ష్మమ్మ చూడటానికి మూడే అక్షరాలు, లోపల 9 గుర్తులు, 27 బైట్లు. గుర్తు అంచు చూసి 15 బైట్ల దగ్గర కోసినా ‘లక్ష్’ మిగులుతుంది. అదేం పేరు? నా అభిప్రాయం గట్టిది, ఇందులో మెత్తదనం లేదు: మనిషి పేరును ప్రోగ్రాం ఎప్పుడూ కోయకూడదు. పట్టకపోతే ఆగాలి, పట్టలేదని చెప్పాలి. కాటా దగ్గర ఐదు నిమిషాలు ఆలస్యమైతే ట్రాక్టరు ఆగుతుంది. పేరు తప్పు పడితే ఆ మనిషి బ్యాంకు చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాలమూరు నుంచి పనికి దూర దేశాలు పోయిన వాళ్లను అడగండి, కార్డులో ఒక అక్షరం, పాసు పుస్తకంలో ఇంకో అక్షరం ఉంటే ఎన్ని రోజుల కూలి పోతుందో చెప్తారు.

మీరు ఏం చేయాలని అడుగుతున్నానో ఇప్పుడు రాస్తాను.

సీ ల్యాబులో స్ట్రింగును తిరగేయడం, అటు ఇటు ఒకేలా ఉందో చూడటం తప్పనిసరిగా చేయిస్తారు. ఈసారి ఆ ప్రోగ్రాముకు ‘వికటకవి’ అని ఇవ్వమనండి. తెనాలి రామకృష్ణుడి బిరుదు ఎటు నుంచి చదివినా ఒకటేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన ప్రోగ్రాం మాత్రం కాదంటుంది, ఎందుకంటే అది 21 బైట్లను తిరగేస్తోంది. గుర్తులుగా తిరగేసినా కాదనే అంటుంది, ‘వి’లో గుడి ముందుకొచ్చి ‘వ’ వెనక్కి పోతుంది కాబట్టి. అక్షరాలుగా విడదీస్తేనే అవునంటుంది. బైటు, యూనికోడ్ గుర్తు, అక్షరం ఈ మూడూ వేర్వేరని ఆ అరగంటలో పిల్లలకు అర్థమవుతుంది.

ఆ పని నీలం తెర టర్బో సీలో కుదరదు. అది 1990ల మొదట్లో ఆగిపోయిన సాధనం, యూనికోడ్ మొదటి సంచిక వచ్చిందే 1991లో. దాని మీద మమకారం నాకూ ఉంది, నేను నేర్చుకున్నది దాని మీదే. కాని లినక్సు, దాని మీద సీని నడిపే జీసీసీ కంపైలరు రెండూ ఉచితం, ల్యాబులోని పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయి. 2013లో వచ్చిన జీసీసీ 4.8 నుంచి అడ్రస్ శానిటైజర్ అనేది కంపైలరులోనే ఉంది. ఆ ఒక్క ఫ్లాగు పెట్టి నడిపితే అర్రే దాటి చదివినా, రాసినా ఏ వరుసలోనో వేలు పెట్టి చూపిస్తుంది. గద్వాల పక్కన అలంపూర్ అంటుకున్నది దీనికి దొరకదని ముందే చెప్తున్నాను, ఎందుకంటే అవి ఒకే స్ట్రక్చరులోని గడులు. మిగతావి చాలా దొరుకుతాయి.

సీ, డీబీఎంఎస్ చెప్పే ఇద్దరు అధ్యాపకులూ కలిసి రెండే రెండు ల్యాబులు ఉమ్మడిగా పెట్టండి. మొదటి దానిలో పేరు, ఊరు, తండ్రి పేరు ఉన్న చిన్న టేబులు. పేరు కాలమ్ 30 క్యారెక్టర్లు. కనెక్షన్ తెరవగానే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 ఎంబీ4 అని చెప్పడం అలవాటు చేయండి. అది లేకనే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు చేరతాయి, చేరాక అసలు పేరు మళ్లీ రాదు. 30కి 31 పెట్టిన ప్రోగ్రాంతో వరుసలు తెప్పించండి. విరిగిన పేర్లు వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి. తర్వాత 30ని 4తో గుణించి ఒకటి కలిపి 121 చేయించండి, యూటీఎఫ్-8లో ఏ గుర్తుకైనా 4 బైట్ల కంటే ఎక్కువ పట్టదు కాబట్టి. ఎందుకు 91 కాదు, 121 అని అడగండి. రెండో ల్యాబులో తండ్రి పేరు నల్ ఉన్న వరుస, ఖాళీ స్ట్రింగు ఉన్న వరుస, చివర ఖాళీలున్న ఊరు, రెండు రకాల మహబూబ్‌నగర్.

పరీక్ష డేటాకు ఇంగ్లీషు పుస్తకాల్లోని పేర్లు వద్దు. పిల్లలనే తమ ఊరి పేరు, నాయనమ్మ పేరు ఎక్కించమనండి. తన నాయనమ్మ పేరు సగమై తెర మీద కనపడితే ఏ పిల్లవాడూ దాన్ని తేలికగా తీసుకోడు.

సీ ఇప్పుడు ఎవరు రాస్తున్నారు, పైథాన్, జావా ఇవన్నీ చూసుకుంటాయి కదా అని కొందరు అంటారని తెలుసు. ఎస్‌క్యూలైట్ సీలోనే రాశారు, పోస్ట్‌గ్రెస్ సీలోనే, మనం వాడే పైథాన్ కూడా లోపల సీయే. కాటా పక్కన ఉండే చిన్న యంత్రాల లోపల నడిచేవి ఇప్పటికీ సీ ప్రోగ్రాములే. పోనీ జావాకే వెళ్లినా, నల్లగొండ పొడవు ఎంతని అడిగితే 8 అంటుంది. బోర్డు మీద మనం లెక్కపెట్టేవి నాలుగు అక్షరాలు, సీలో స్ట్రింగ్ లెన్ చెప్పేది 24. ఏ భాషలో ఉన్నా ఈ మూడు అంకెలలో తనకు కావాల్సింది ఏదో పిల్లవాడికి తెలియాలి. అది సీలో నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా నేర్చుకోలేరు, ఎందుకంటే సీ ఏదీ దాచిపెట్టదు.

సిలబసు మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని నాకు తెలుసు. రెండు ల్యాబులకు సిలబసు మారనక్కర్లేదు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న మార్చినా చాలు. తూకం చీటీ ప్రోగ్రాములోంచి ఈ తప్పులన్నీ విడదీసి, ఒక్కోటి నలభై యాభై వరుసల చిన్న ప్రోగ్రాములుగా రాసి పెట్టాను. మన రెండు జిల్లాల మండలాల పేర్లు తెలుగులో, ఒక్కోదానికి బైట్ల లెక్కతో ఒక పట్టిక కూడా తయారు చేశాను. ఏ కాలేజీకైనా ఉచితంగా ఇస్తాను. ల్యాబు రోజున వచ్చి పిల్లల పక్కన కూర్చోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. వానకాలం వడ్లు మిల్లులకు రావడం మొదలయ్యే లోపు పిలిస్తే నాకు వీలుగా ఉంటుంది, ఆ తర్వాత రెండు నెలలు రాత్రీ పగలూ కాటా దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ పాత విద్యార్థి,
మిర్యాలగూడ